మద్రాసు పత్రికకెక్కిన గెంతుడు చీమ

1851లో మద్రాసులో అచ్చయిన ఒక పత్రికలో, 103వ పేజీ దగ్గర, దక్షిణ భారతదేశపు చీమల పట్టిక ఒకటి మొదలవుతుంది. పత్రిక పేరు ‘మద్రాస్ జర్నల్ ఆఫ్ లిటరేచర్ అండ్ సైన్స్’. నడిపింది మద్రాస్ లిటరరీ సొసైటీ. 1812లో పుట్టిన ఆ సొసైటీ గ్రంథాలయం నుంగంబాకం కాలేజీ రోడ్డులో, ఒక ఎర్ర భవనంలో ఇప్పటికీ నడుస్తోంది. పట్టిక పాతిక పేజీలు. రాసింది థామస్ కావర్‌హిల్ జెర్డన్, ఈస్టిండియా కంపెనీ వారి మద్రాసు సైన్యంలో డాక్టరు.

ఈ డాక్టరుగారు తెలుగువాళ్లకు కొత్త కాదు, పేరు వెంటనే తట్టకపోవచ్చుగానీ. 1840లలో నెల్లూరులో సివిల్ సర్జన్‌గా ఉన్నాడు. అడవి సంగతులు యానాదుల దగ్గర అడిగి తెలుసుకున్నాడు. భారతదేశపు పక్షుల మీద తర్వాత రాసిన పుస్తకంలో తెలుగు పేర్లు కూడా ఎక్కించాడు. 1900 తర్వాత ఎవరి కంటా పడక, అంతరించిపోయిందనుకున్నాక, 1986లో కడప జిల్లా రెడ్డిపల్లి దగ్గర మళ్లీ దొరికిన కలివికోడికి ఇంగ్లీషులో ఉన్నది ఈయన పేరే. ఆ పక్షి కథ మనవాళ్లు చాలాసార్లు రాశారు. చీమ కథ ఎవరూ పెద్దగా రాసినట్టు లేదు. నిజానికి ప్రపంచ విజ్ఞానశాస్త్రంలో ఎక్కువ దూరం వెళ్లింది ఆ చీమే.

పట్టికలో ఆయన కొత్తగా పేరు పెట్టిన చీమ ఒకటుంది: హార్పెగ్నాథస్ సాల్టేటర్. ఒకటిన్నర సెంటీమీటర్లకు పైన పొడవు, తలకు సరిపడనంత పెద్ద కళ్లు, ముందుకు చాచి కొసన పైకి వంగిన పొడవాటి దవడలు. జెర్డన్ దాని గురించి నాలుగు మాటలే రాశాడు. కదిలిస్తే ఆశ్చర్యం కలిగేంతగా గెంతుతుందన్నాడు. బాగా కుడుతుందన్నాడు. గూడు నేలలోపల, మొక్కల వేళ్ల దగ్గర ఉంటుందని, సంఘం చిన్నదని, పురుగులను ప్రాణంతో పట్టి తింటుందని చెప్పి ఊరుకున్నాడు.

ఆ నాలుగు మాటల పనితనమే నన్ను ఈ వ్యాసానికి కూర్చోబెట్టింది. అప్పటి చీమల పట్టికల్లో ఎక్కువ భాగం చచ్చిన చీమకు గుండుసూది గుచ్చి, దాని రంగు, నడుము, వెంట్రుకలు వర్ణించేవి. జెర్డన్ బతికున్న చీమను చూశాడు. అది ఏం చేస్తుందో, ఎక్కడుంటుందో, ఎంతమందితో ఉంటుందో రాశాడు. ఆ ఒక్కో మాటకూ దాదాపు నూటయాభై ఏళ్ల తర్వాత ఒక్కో పరిశోధన దొరికింది.

గెంతు సంగతి త్వరగా తేల్చేద్దాం. 1990ల మొదట్లో బెంగళూరు చీమల నిపుణుడు ముస్తాక్ అలీ, స్విట్జర్లాండ్ శాస్త్రజ్ఞుడు బరోనీ ఉర్బానీ, వాళ్ల సహచరులు దాన్ని చిత్రీకరించి కొలిచారు. వేటలో పది సెంటీమీటర్ల దాకా ఎగురుతుంది. మధ్యకాళ్లు, వెనక్కాళ్లు ఒకేసారి నేలను తన్నుతాయి. పారిపోవడానికి ఒక రకం గెంతు, వేటకు ఇంకో రకం, గుంపుగా చేరి గెంతే వింత రకం మరొకటి. చూడముచ్చటైన విషయమే. అయితే దీని అసలు సరుకు గూట్లో ఉంది.

1994లో పీటర్స్, హోల్‌డోబ్లర్, మాఫెట్, ముస్తాక్ అలీ కలిసి ఈ చీమ గూడు మీద ఒక పత్రం వెలువరించారు. గూడును తవ్వి, గదుల ఆకారం గీసి, కొలిచి రాసిన పత్రం అది. ఈ తెగ చీమల్లో చాలావాటికి ఇల్లంటే పుచ్చిన దుంగలో ఒక సందు, లేదా రాయి కింద ఒక బొరియ. దీనికి అలా కాదు. ఒకదాని మీద ఒకటిగా గదులు కడుతుంది. వాటన్నిటి మీదా మందమైన కమాను కప్పు ఉంటుంది. ఆ కప్పుకూ చుట్టూ ఉన్న మట్టికీ మధ్య ఖాళీ వదులుతుంది. పైగదిలోకి వెళ్లే చిన్న ద్వారాలకు చుట్టూ మట్టితో అంచు కడుతుంది. వాన పెద్దగా కురిసినప్పుడు నీరు ఆ ఖాళీలోకి దిగి పక్కకు పోతుందే తప్ప పిల్లలున్న గదిలోకి రాదు. లోపలి గోడలకు ప్యూపాలు విడిచిన ఖాళీ గూళ్లను చింపి అతికిస్తుంది. వాల్‌పేపర్ అన్న మాటను ఆ పత్రం శీర్షికలోనే వాడారు. అన్నిటికన్నా కింద, మనుషులు మురుగు కోసం తవ్వినట్టు, చెత్త వేసే గది వేరు. డిసెంబరు వానలకు చెరువు మీద కట్టిన ఇల్లు మునిగాక మూటలు సర్దుకునే చెన్నైవాసి ఈ పత్రం చదివితే కాస్త సిగ్గుపడతాడు.

ఇంత ఖరీదైన ఇల్లు కట్టుకున్నవాళ్లు దాన్ని వదిలిపోరు. చాలా చీమల్లో రాణి చచ్చిపోతే సంఘం కూలిపోతుంది, మరికొన్నిటిలో గుంపు రెండుగా చీలి వేరే చోట స్థిరపడుతుంది. 1995లో పీటర్స్, హోల్‌డోబ్లర్ అమెరికా సైన్స్ అకాడమీ పత్రికలో చూపింది ఈ చీమ పట్టిన మూడో దారి. ఒంటరి రాణి గూడు మొదలుపెడుతుంది. కొన్నేళ్లకు ఆ రాణి పోతుంది. అప్పుడు పనిచీమల్లోనే కొన్ని, గూట్లోని మగచీమలతో జతకట్టి, గుడ్లు పెట్టడం మొదలుపెడతాయి. గూడు వదలకుండా, సంఘం చీలకుండా వంశం సాగుతుంది. అలా పట్టమెక్కిన పనిచీమను శాస్త్రజ్ఞులు గేమర్‌గేట్ అంటారు. జెర్డన్ చెప్పిన చిన్న సంఘం ఇక్కడే అర్థవంతమవుతుంది. కొద్ది చీమలే ఉన్న సంఘంలో రాణికీ పనిచీమకూ ఒంట్లో పెద్దగా తేడా లేదు. లక్షల చీమలున్న సంఘాల్లో రాణి ఏనుగు, పనిచీమ ఎలుక అన్నంత తేడా ఉంటుంది కనుక అక్కడ ఈ పట్టాభిషేకం సాధ్యం కాదు.

పట్టం ఎలా దక్కుతుంది? దీనికి జవాబు ఒక డాక్టరేట్ పరిశోధనలో ఉంది, దాని దగ్గరికి వస్తాను. కీటకాల సంఘజీవనం వెనకున్న జన్యుశాస్త్రానికి పునాది వేసింది కూడా ఒక పరిశోధక విద్యార్థే. లండన్‌లో డాక్టరేట్ కోసం పనిచేస్తున్న విలియం హామిల్టన్ 1964లో రెండు భాగాల పత్రంలో ఒక లెక్క చెప్పాడు. చీమల్లో, తేనెటీగల్లో, కందిరీగల్లో మగది ఫలదీకరణం కాని గుడ్డు నుంచి పుడుతుంది. దానికి ఒకే వంతు జన్యువులు. అందుకని ఒకే తండ్రికి పుట్టిన అక్కచెల్లెళ్లు సగం కాదు, మూడు వంతులు ఒకటే. సొంతంగా పిల్లలను కనడం కన్నా చెల్లెళ్లను పెంచడం జన్యువుల లెక్కలో లాభం కావచ్చు. అందమైన లెక్క. కానీ లోకం అంత చక్కగా లేదు. బెంగళూరులో రాఘవేంద్ర గదగ్కర్ బృందం కందిరీగల మీద 1986లో చూపినదాన్నిబట్టి తల్లి ఒకటికి మించి మగవాటితో జతకట్టడం వల్ల అక్కచెల్లెళ్ల పోలిక సగానికి కాస్త పైకి మాత్రమే వచ్చింది. గదగ్కర్ తన డాక్టరేట్ చేసింది వైరస్‌ల మీద, కందిరీగలు మొదట ఆయనకు తీరికవేళ సరదా. మన దేశంలో ఈ రంగానికి దారి పడింది ఆ సరదా వల్లే.

హామిల్టన్ లెక్క ‘ఎందుకు’ అనేదానికి సమాధానం. ‘ఎలా’ అనేది మిగిలింది. ఇంచుమించు ఒకే జన్యుసంపద ఉన్న ఇద్దరు అక్కచెల్లెళ్లలో ఒకతె రాణి అవుతుంది, ఒకతె వేటకు వెళ్లి నెలల్లో చచ్చిపోతుంది. మీట ఎక్కడుంది?

1998లో యుర్గెన్ లీబిగ్ జర్మనీలోని వుర్జ్‌బర్గ్ విశ్వవిద్యాలయానికి సమర్పించిన డాక్టరేట్ గ్రంథం పూర్తిగా మన గెంతుడు చీమ మీదే. సంఘజీవనం, ఆడచీమల్లో పని విభజన, సంతానం మీద అదుపు దాని విషయాలు. జన్యువులు చదివే యంత్రాలు అందులో ప్రధానం కావు. ఒక్కో చీమకూ గుర్తు పెట్టి, అది ఎవరితో తలపడింది, ఎవరిని కరిచింది, ఎప్పుడు గుడ్డు పెట్టింది అని గంటల తరబడి చూసి రాసుకోవడమే ఈ తరహా పరిశోధనకు ప్రాణం. ఇలాంటి పనికి పతకాలు రావు. కానీ తర్వాత వచ్చిన పెద్ద పత్రాలన్నీ నిలబడ్డది ఈ నోటుపుస్తకాల మీదే అని నా అభిప్రాయం.

ఆ నోటుపుస్తకాల్లో దొరికింది ఇది. రాణిని తీసేస్తే కొద్ది రోజుల్లో పనిచీమలు ఇద్దరిద్దరుగా ఎదురెదురుగా నిలబడి, మీసాలతో ఒకదాన్నొకటి కొట్టుకుంటాయి. ఒకటి ముందుకు తోస్తే ఇంకొకటి వెనక్కి జరుగుతుంది, మళ్లీ అది తోస్తే ఇది జరుగుతుంది. ఎవరికీ గాయం కాదు. ఈ పోటీ నలభై రోజుల దాకా సాగవచ్చు. చివరికి గెలిచేది ఒకతె కాదు, కొంతమంది. గెలిచినవాళ్ల అండాశయాలు పెరుగుతాయి. అనుమతి లేకుండా అండాశయం పెంచుకునే పనిచీమ కనబడితే మిగతావి దాన్ని పట్టుకుని కదలనివ్వవు. కొద్దికాలంలో దాని అండాశయం మళ్లీ ముడుచుకుపోతుంది. 1999లో లీబిగ్, పీటర్స్, హోల్‌డోబ్లర్ దీన్నే పోలీసింగ్ అన్నారు.

ఇక్కడ నాకు బాగా నచ్చిన ప్రశ్న ఒకటుంది. లోపల అండాశయం పెరిగిన సంగతి బయట చీమకు ఎలా తెలుస్తుంది? సమాధానం ఒంటి మీద మైనంలో ఉంది. 2000లో వెలువడిన పత్రంలో లీబిగ్ బృందం చీమను చంపకుండా, ఒక సన్నని పోగును దాని ఒంటికి రాసి, అంటిన మైనాన్ని యంత్రంలో విడగొట్టింది. చీమ బతికే ఉంది కనుక కొన్నాళ్ల తర్వాత అదే చీమను మళ్లీ పరీక్షించవచ్చు. వేరువేరు చీమలను పోల్చడానికీ ఒకే చీమ మారుతుండగా చూడడానికీ ఎంత తేడా ఉందో ప్రయోగం చేసినవాళ్లకు తెలుసు. గుడ్లు పెట్టే చీమల మైనంలో పొడవాటి గొలుసుల హైడ్రోకార్బన్లు పెరిగాయి. వాటిలో ఒకటి, ముప్పై ఏడు కార్బన్ల వెన్నెముక ఉన్నది, ఫలవంతమైన చీమకు ప్రత్యేక గుర్తుగా తేలింది.

ఆ రసాయనం కథ అక్కడ ఆగలేదు. ఒక జన్యువు దగ్గరికి చేరడానికి పదిహేడేళ్లు పట్టింది. 2017లో ఇంకో బృందం చీమ వాసన గ్రాహకాల జన్యువులను తీసుకుని, ఒక్కోదాన్ని పండ్ల ఈగ మీసంలోని నరకణంలో పెట్టి, చీమల మైనపు రసాయనాలను ఒక్కొక్కటిగా చూపించింది. ఆ ముప్పై ఏడు కార్బన్ల రాణి గుర్తుకు గట్టిగా స్పందించిన గ్రాహకం దొరికింది. దాని పేరు ఒక అంకె మాత్రమే: 263. ఈగకు చీమ ముక్కు తొడగడం అనే ఆలోచనలో ఉన్న చమత్కారం నన్ను ఇప్పటికీ వదలలేదు.

మధ్యలో 2010 వచ్చింది. ఆ ఏడు ఆగస్టులో ‘సైన్స్’ పత్రికలో రెండు చీమల జన్యుపటాలు వెలువడ్డాయి, అంతకుముందు ఏ చీమ జన్యుపటమూ వెలువడలేదు. ఒకటి ఫ్లోరిడా చీమ, రెండోది మన గెంతుడు చీమ. దాదాపు 33 కోట్ల అక్షరాలు. బొనాసియో, రైన్‌బర్గ్, బెర్గర్, లీబిగ్ తదితరుల పని అది. పట్టమెక్కిన పనిచీమల్లో ఆయుర్దాయంతో ముడిపడిన టెలొమరేజ్, సర్టుయిన్ అనే ఎంజైముల వాడకం పెరిగిందని అందులోనే చూపారు. పనిచీమ ఆయుష్షు ఏడు నెలలు. అదే చీమ పట్టమెక్కితే నాలుగేళ్ల దాకా బతుకుతుంది. వార్తాపత్రికలు దీన్ని అమృతం దొరికినంతగా రాశాయి. నాకు ఆ హడావుడి మీద పెద్దగా గౌరవం లేదు. జన్యుపటం నిఘంటువు లాంటిది, కావ్యం ఇంకా రాయాలి.

కావ్యం 2017లో వచ్చింది. చీమల్లో జన్యువును మార్చి చూడడం కష్టం ఎందుకంటే, సాధారణ చీమల్లో మీరు ఒక పనిచీమ జన్యువును మార్చినా లాభం లేదు. అది పిల్లలను కనదు. రాణి ఒక్కతే కంటుంది, రాణిని పొందడం, పెంచడం, జతకట్టించడం ఏళ్ల పని. మన చీమ దగ్గర ఈ చిక్కు లేదు. పనిచీమను వేరుచేసి ఉంచితే చాలు, అదే తల్లి అవుతుంది. హువా యాన్, క్లాడ్ డెప్లాన్, రైన్‌బర్గ్, లీబిగ్ బృందం ఈ వెసులుబాటును చాలా తెలివిగా వాడుకుంది. జన్యువును కత్తిరించే క్రిస్పర్ కత్తెరను గుడ్లలోకి సూదితో ఎక్కించారు. సూది పొడిచిన గుడ్డును వెంటనే గూట్లో పెడితే పనిచీమలు తినేస్తాయి. అందుకని పిల్ల బయటకు వచ్చేదాకా అగార్ పళ్లెంలో ఉంచి, తర్వాత లేత వయసు దాదుల దగ్గర పెట్టారు. పెరిగిన చీమ తల్లయ్యాక పెట్టిన ఫలదీకరణం కాని గుడ్ల నుంచి మగచీమలు పుట్టాయి. మగచీమకు జన్యువు ఒకే ప్రతి కనుక మార్పు దాగదు, ఎవరికి వచ్చిందో నేరుగా తెలిసిపోతుంది. ఆ మగచీమలతో ఆడచీమలను జతకట్టించి రెండు ప్రతులూ పోయిన ఆడచీమలను పొందారు. హామిల్టన్ లెక్కకు ఆధారమైన ఆ మగచీమ వింతే ఇక్కడ పనిముట్టయింది. పరిశోధనలో నేను పనితనం అనేది దీన్నే.

వాళ్లు తీసేసింది ఓర్కో అనే ఒక్క జన్యువు. గెంతుడు చీమకు వాసన గ్రాహక జన్యువులు మూడు వందలకు పైన, పండ్ల ఈగకు అరవై. వీటన్నిటికీ జతగాడు ఓర్కో. అది లేకపోతే వీటిలో ఏదీ పనిచేయదు. ఓర్కో లేని చీమ గూడు విడిచి బయట తిరుగుతూ ఉండిపోయింది, వేట చేయలేదు. గుడ్లు తక్కువ పెట్టింది, పెట్టినవాటిని సాకలేదు. పోటీల్లో సరిగ్గా పాల్గొనలేదు. ఇంతవరకూ ఊహించినదే. ఊహించనిది మెదడులో కనబడింది. వాసనలను అందుకునే భాగం బాగా కుంచించుకుపోయింది. ఈగలో ఓర్కో తీసేస్తే ఆ భాగం కుంచించుకుపోదు. అంటే చీమ మెదడు తన ముక్కును వాడుకుంటూ తయారవుతుందన్నమాట. ఈ పత్రం వచ్చిన ‘సెల్’ పత్రిక అదే సంచికలో రాక్‌ఫెల్లర్ విశ్వవిద్యాలయంలో డేనియల్ క్రోనావర్ దగ్గర డాక్టరేట్ చేస్తున్న వేరింగ్ ట్రిబుల్, రాణులే లేని ఇంకో చీమలో అదే జన్యువును తీసేసి దాదాపు అదే ఫలితం చూపాడు. రెండు చీమలు, రెండు బృందాలు, ఒకే జవాబు. పోటీగా రాసిన పత్రాలు ఒకదానికొకటి సాక్ష్యంగా నిలిచిన అరుదైన సందర్భం.

ఆ తర్వాతి పనులు ఒక్కొక్కటే చెప్పుకుంటూ పోతే గ్రంథమవుతుంది. అదే ఏడు కొరజోనిన్ అనే మెదడు రసాయనం వేటకు పంపే మీట అని తేలింది. పట్టమెక్కుతున్న చీమకు దాన్ని ఎక్కిస్తే మళ్లీ వేటకు పోతుంది, గుడ్ల పని మానుతుంది. 2021లో క్లింట్ పెనిక్ బృందం పట్టమెక్కిన చీమ మెదడు ఇంచుమించు పాతిక శాతం దాకా తగ్గుతుందని, దాన్ని తిరిగి పనికి దించితే మెదడు మళ్లీ పెరుగుతుందని చూపింది. రాజ్యాధికారం వచ్చాక మెదడు తగ్గడం మనకు వింతగా అనిపించకపోవచ్చు. తిరిగి పెరగడమే విశేషం.

ఈ జన్యువుల పని ఎక్కువగా జరిగింది న్యూయార్క్‌లో, అరిజోనాలో, ఫిలడెల్ఫియాలో. ఆ చీమలన్నీ 1990లలో కర్ణాటకలో పట్టుకెళ్లిన పుట్టల సంతతి. ఇది ఫిర్యాదు కాదు, వాళ్లు చేసిన పనికి మెచ్చుకోలు దక్కాల్సిందే. కానీ మొదటి పట్టిక మద్రాసులో అచ్చయింది, గూడు బొమ్మ వేసినవాళ్లలో బెంగళూరు మనిషి ఉన్నాడు, జన్యువుల దగ్గరికి వచ్చేసరికి ఆ జాబితాలో మన విశ్వవిద్యాలయాల పేర్లు వెతకాల్సి వస్తోంది.

అందుకే తెలుగు కాలేజీల్లో జువాలజీ చదువుకునే పిల్లలకు ఒక మాట. గెంతుడు చీమే కావాలని పడమటి కనుమలకు పోనక్కర్లేదు, దగ్గర్లోనే ఇంకో చీమ ఉంది. దక్షిణ భారతంలో విరివిగా కనిపించే డయాకమ్మ అనే నల్లచీమకు అసలు రాణే లేదు. ఆ జాతి చీమల్లో చాలావాటికి పుట్టినప్పుడు వీపు మీద రెండు చిన్న బుడిపెలు ఉంటాయి. సంఘానికి పెద్దగా ఉన్న చీమ వాటిని కొరికేస్తుంది. బుడిపెలు పోయిన చీమ ఇక జతకట్టదు. నీలగిరుల్లోని దాని బంధువులు మాత్రం బుడిపెలు కొరకవు. దీని మీద మొదటి పని మొదలుపెట్టడానికి క్రిస్పర్ అవసరం లేదు. ఒక సన్న కుంచె, నాలుగు రంగులు, ఒక నోటుపుస్తకం, కూర్చునే ఓపిక ఉంటే చాలు. గైడు ఒప్పుకోకపోతే జెర్డన్ పట్టిక చూపించండి.